వెంట్రుకవాసి

ఆటోనగర్లో పద్దెనిమిదేళ్లుగా
లారీ హబ్బుల్లో గ్రీజు కూరుతున్నాను.
గోళ్ల కింది నలుపు కిరసనాయిలుకీ లొంగదు,
అన్నంలో కలిసి ఎంత లోపలికి పోయిందో తెలీదు.

బేరింగు బిగించేటప్పుడల్లా
మా మీరావలి మేస్త్రి ఒకటే మాట:
"నట్టు ఆఖరుదాకా తిప్పి, పావు చుట్టు వెనక్కి వదలరా.
వెంట్రుకవాసి ఖాళీ ఉంటేనే అది చక్రం.
లేదంటే ఇరుసుకంటిన ఇనప రొట్టె."

సరే అని వదిలేవాణ్ణి.
ఆ ఖాళీ ఏమిటో కుక్క నేర్పింది.

దాని పేరు డీజిలు.
పోయిన ఎండాకాలం, రివర్సు తీస్తున్న టిప్పరు
దాని నడుము మీదుగా పోయింది.
చావలేదు.
వెనక కాళ్లని ఎవరివో మోస్తున్నట్టు
షెడ్డంతా ఈడ్చుకు తిరిగేది.

వెల్డర్ ఏసోబు చూడలేకపోయాడు.
పిల్లల సైకిలు చక్రాలు రెండు,
అరంగుళం పైపు, పాత సీటుబెల్టు ముక్క.
మధ్యాహ్నం భోజనం మానేసి బండి కట్టాడు.
మొదటిరోజు డీజిలు గేటుదాకా ఉరికింది!
టీకొట్టు పిచ్చమ్మ గ్లాసులు కింద పెట్టి
"దేవుడికి తట్టంది మనోడికి తట్టింది" అంది.

నాకూ అలాగే అనిపించింది ఆ పూట.
ఎద్దుకే చక్రాలుంటే బండెందుకు?
కుందేలుకుంటే వేటకుక్క ఏం తినేది?

వానలు పడ్డాయి.
ఆటోనగర్లో రోడ్డు పోయి నల్లటి బురద మిగిలింది.
చక్రాలు ఇరుసుదాకా దిగబడ్డాయి.
ముందుకాళ్లు తవ్వుతున్నాయి, తవ్వుతున్నాయి,
వెనకవాటికి కబురే అందలేదు.
పక్కన ఎవరిదో మేకపిల్ల
గొట్టాల గుట్ట ఎక్కి నించుని తోక ఊపింది.
గుణదల కొండకి మెట్లు కట్టకముందే
దాని ముత్తవ్వలు పైకెళ్లి మేసొచ్చారు.
చక్రం పుట్టాలంటే ముందు రోడ్డు పుట్టాలి.
రోడ్డుని ఏ కడుపు మోస్తుంది?

రోడ్డు సంగతి పోనీ.
రెంచి జారి చితికిన నా బొటనవేలు
పదిరోజుల్లో తనే మూసుకుంది, పైసా అడగలేదు.
ఇన్నేళ్లలో తనంతట మానిన టైరుని
ఒక్కదాన్నీ చూడలేదు నేను.
తిరిగేదాన్లోకి నెత్తురు ఎలా పోతుంది?
నాలుగు చుట్లకే నరాలు
పిండిన చీరలా మెలిపడి తెగుతాయి.
తెగకూడదంటే ఆ ఖాళీకి ఇవతలే ఆగాలి.
అవతలున్నదానికి
ఇక ఆకలేదీ, తిమ్మిరేదీ, దురదేదీ?

స్పేరుపార్టుల గుమాస్తా కూతురు హవీలా, ఇంటరు బైపీసీ,
లెడ్జరు మీద గీసి చూపించింది:
ఏలూరు కాలువలో చుక్క నీళ్లు తీస్తే
అందులో కంటికానని జీవి ఉంటుందట,
తోకని మోటారులా గిరగిరా తిప్పుకుంటూ.
"అంత చిన్నదానికి నెత్తురక్కర్లేదు మావయ్యా,
నానితే చాలు.
కుక్కంత అయితే కుదరదు."
కుదరదు అన్నచోట రెండు గీతలు కొట్టింది.

నిన్న రాత్రి షట్టరు దించబోతూ చూశాను.
కుడి చక్రంలో మేకు దిగి గాలి పోయింది.
డీజిలు మెడ వెనక్కి తిప్పి
ఆ రబ్బరుని నాకుతోంది,
పుండుని నాకినట్టు, ఓపిగ్గా,
ఒకే వైపు నించి,
కాసేపాగి, మళ్లీ.

లైటు వేసి సొల్యూషన్ డబ్బా వెతికాను,
ప్యాచి కోశాను,
"జరుగే" అన్నాను.
జరగలేదు.
నాకుతూనే ఉంది
ఆ వెంట్రుకవాసి అవతలకి.